బీజాపూర్ రోడ్డు వెడల్పు - మనం అడగవలసినవి

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 మనకు పండుగ రోజు. 1982లో ఇదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు పెన్షన్ ప్రభుత్వం దయతో ఇచ్చే దానం కాదని తీర్పు చెప్పింది. ఏటా ఈ వేదిక మీద కరువు భత్యం గురించి, బకాయిల గురించి, హెల్త్ కార్డుల గురించి మాట్లాడుకుంటాం. ఈసారి కార్యదర్శి గారు ఫోను చేసి, "మీరు ఉద్యోగమంతా రోడ్ల మీదే గడిపినవారు, బీజాపూర్ రోడ్డు వెడల్పు సంగతి నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. సంఘం తరఫున ఒక వినతిపత్రం ఇవ్వాలని కార్యవర్గం అనుకున్నదట. తీరా రాయడానికి కూర్చుంటే, ఒకరు రోడ్డు వెంటనే వెయ్యాలి అన్నారు, ఇంకొకరు మర్రిచెట్లు మిగలాలి అన్నారు, మూడోవారు మా ఇంటి ముందర స్థలం పోతున్నది, దాని సంగతేమిటి అన్నారు. ముగ్గురూ న్యాయమే మాట్లాడారు. అందుకే వినతిపత్రం ఇంకా తెల్ల కాగితంగానే ఉన్నది.

ఈ రోడ్డు మనలో చాలామందికి ఇంటి వాకిలి వంటిది. తాండూరు, పరిగి, వికారాబాదు, కొడంగల్ వైపు వారెవరైనా పట్నం పోవాలంటే మన్నెగూడ దాటి, చేవెళ్ల, మొయినాబాదు మీదుగా పోలీసు అకాడమీ కూడలి దగ్గర తేలవలసిందే. ఆ 46 కిలోమీటర్లే ఇప్పుడు మాట్లాడుకుంటున్న ముక్క. కొడంగల్ నుండి హైదరాబాదు, వరంగల్ మీదుగా ఛత్తీస్‌గఢ్‌లోని భోపాలపట్నం దాకా పోయే 163వ నంబరు జాతీయ రహదారిలో ఇది భాగం. పేరుకు జాతీయ రహదారి. కొలిచి చూస్తే రెండు వరుసల పల్లె రోడ్డు.

2025 నవంబరు 3, సోమవారం తెల్లవారుజామున తాండూరు నుండి పట్నం పోతున్న ఆర్టీసీ బస్సు, ఎదురుగా కంకరతో వస్తున్న టిప్పరు చేవెళ్ల దగ్గర మీర్జాగూడ వద్ద ఢీకొన్నాయి. టిప్పరులోని కంకర ప్రయాణికుల మీద పడింది. 19 మంది చనిపోయారు. ఆదివారం ఇళ్లకు వచ్చి సోమవారం కాలేజీలకు, కొలువులకు తిరిగి పోయేవాళ్లు ఆ బస్సులో ఎక్కువ. తాండూరులో ఒకే ఇంటి ముగ్గురు అక్కచెల్లెళ్లు పోయారు. అంతకు ముందటి ఏడు, 2024 డిసెంబరు 2న, ఆలూరు స్టేజీ దగ్గర రోడ్డు పక్కన కూరగాయలు అమ్ముకునే వాళ్ల మీదికి లారీ దూసుకు వచ్చి కనీసం నలుగురు పోయారు. పేర్లు చెప్పను. ఈ సభలో వారిని ఎరిగినవారు ఉండవచ్చు.

సరే, ఇరుకు రోడ్డు మనిషిని ఎట్లా చంపుతుందో కాస్త లెక్క చెబుతాను. లెక్కలంటే భయపడకండి, మన కరువు భత్యం లెక్కల కన్న సులువే.

రెండు వరుసల రోడ్డు అంటే తారు వెడల్పు 7 మీటర్లు. చట్టప్రకారం బస్సు వెడల్పు 2.6 మీటర్ల దాకా ఉండవచ్చు. రెండు బస్సులు ఎదురెదురుగా వస్తే 5.2 మీటర్లు వాటికే పోయింది. మిగిలింది 1.8 మీటర్లు. అది కూడా మూడు ముక్కలు కావాలి: రెండు బస్సుల నడుమ కొంత, ఆ అంచున కొంత, ఈ అంచున కొంత. అంటే మూడు ముక్కలూ మనిషి బారెడు కూడా లేవు. దానిలో సైకిలు మీద పాలవాడు ఉంటాడు, మోటారు సైకిలు మీద భార్యాబిడ్డలతో పోయేవాడు ఉంటాడు. తారు అంచు దిగితే మొరం బర్ము. వానకు అది కోసుకుపోయి జానెడు లోతు మెట్టు పడి ఉంటుంది. అందుకే ఎవడూ దిగడు.

ఇక దాటిపోవడం. తాండూరు నాపరాయి లారీ కానివ్వండి, సిమెంటు లారీ కానివ్వండి, గడ్డి ట్రాక్టరు కానివ్వండి, 25 కిలోమీటర్ల వేగంతో ముందు పోతుంటే వెనుక పది బండ్లు వరుస కడతాయి. వెనుకవాడికి ఓపిక ఎంతసేపు ఉంటుంది? ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వారి ప్రమాణం ప్రకారం 80 కిలోమీటర్ల వేగం ఉన్న రెండు వరుసల రోడ్డు మీద క్షేమంగా దాటిపోవాలంటే కంటి ఎదుట 470 మీటర్ల రోడ్డు ఖాళీగా కనబడాలి. అంటే దాదాపు అర కిలోమీటరు. ఎదుటివాడూ 80లో వస్తే ఇద్దరి నడుమ దూరం సెకనుకు 44 మీటర్ల చొప్పున కరిగిపోతుంది. ఆ అర కిలోమీటరు పది పదకొండు సెకన్లలో అయిపోతుంది. వంపులు, ఊళ్లు, చెట్ల నీడలు ఉన్న ఈ రోడ్డు మీద అంత దూరం సూటిగా కనబడే చోట్లు ఎన్ని? కనబడని చోట కూడా జనం దాటుతారు. డ్రైవరును తిడతాం. తిట్టవలసిందే. కాని రోజుకు వేల మందిని అదే తప్పుకు పురికొల్పే రోడ్డును కూడా కాస్త తిట్టాలి కదా!

మా రోజుల్లో ట్రాఫిక్ లెక్కింపు అని ఉండేది. ఏడాదికి రెండుసార్లు, ఏడు రోజుల పాటు, రాత్రింబవళ్లు, రోడ్డు పక్కన కుర్చీ వేసుకుని బండికొక గీత గీసేవారు. కారుకు ఒకటి అనుకుంటే లారీకి మూడు, సైకిలుకు అర. పెద్ద ఎద్దుబండికి ఎనిమిది! రోడ్డు మీద కారు కన్న ఎద్దుబండి ఎనిమిది రెట్లు గొప్పదని మా మేస్త్రీలు నవ్వుకునేవారు. అట్లా లెక్క వేస్తే మైదానంలో రెండు వరుసల రోడ్డు రోజుకు 15,000 కార్ల పాటి బరువును మాత్రమే సుఖంగా మోయగలదని ప్రమాణం. మధ్యలో డివైడరు పెట్టి నాలుగు వరుసలు చేస్తే 35,000 నుండి 40,000 దాకా మోస్తుంది. వరుసలు రెట్టింపు చేస్తే శక్తి రెట్టింపును మించి పెరుగుతుంది, చూశారా. నెమ్మది బండి వెనుక ఇరుక్కోవడం పోతుంది, ఎదురు వచ్చేవాడి భయం పోతుంది, అదే కారణం. ఈనాడు ఎద్దుబండ్లు పోయాయి గాని కాలేజీ బస్సులు, రిసార్టులకు పోయే కార్లు, కూరగాయల ఆటోలు, కంకర టిప్పర్లు వచ్చాయి. ఈ రోడ్డు నాలుగు వరుసలు కావలసినది నిన్న మొన్న కాదు, ఎప్పుడో.

మరి ఎందుకు కాలేదు? ఇక్కడే మర్రిచెట్లు వస్తాయి.

ఈ దారి పొడవునా సుమారు 900 మర్రిచెట్లు ఉన్నాయి. నిజాం కాలంలో నాటినవని పెద్దలు చెబుతారు. ఎడ్లబండ్ల వాళ్లకు, నడిచేవాళ్లకు నీడ కోసం నాటారు. చెట్లకు నంబర్లు వేసి, సున్నం, జాజు పట్టీలు పూయించడం మా శాఖ పనుల్లో ఒకటి. చింతచెట్లయితే కాయ వేలం వేసేవాళ్లం. మర్రికి వేలం లేదు, అది పక్షుల పాలు. ఈ చెట్లను కొట్టివేస్తారని తెలిసి కొందరు పర్యావరణ ప్రేమికులు జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు పోయారు. పర్యావరణం మీద ప్రభావం అధ్యయనం చేయకుండా చెట్లు కొట్టరాదని 2023లో ట్రిబ్యునల్ ఆదేశించింది. ఆ తరువాత ప్లాను సవరించారు. ఎక్కువ చెట్లను ఉన్నచోటనే ఉంచి, కొన్నింటిని మాత్రం వేళ్లతో తీసి వేరే చోట నాటాలన్నది సవరణ. 2025 అక్టోబరు నెలాఖరున కేసు ముగిసింది. ముగిసిన మూడు నాలుగు రోజులకే మీర్జాగూడ ప్రమాదం జరిగింది.

ప్రమాదం తరువాత "చెట్ల కోసం మనుషుల్ని చంపారు" అన్న మాట చాలామంది నోట విన్నాను. మన సంఘంలోనూ విన్నాను. పిల్లలను పోగొట్టుకున్నవారు అంటే అర్థం చేసుకోవాలి, వాదించకూడదు. కాని వినతిపత్రం రాసేవాళ్లం మనం కాబట్టి ఉన్నదున్నట్టు చూడాలి. మొదటి ప్లానులోనే రోడ్డును ఒక పక్కకే పెంచుతాము, పాత రోడ్డును ఒక దిక్కు రాకపోకలకు ఉంచి, చెట్ల వరుసకు అవతల కొత్త రోడ్డు వేస్తాము అని ఆలోచించి ఉంటే, కోర్టుకు పోవలసిన అవసరమే తగ్గి ఉండేది. ఇంజనీరింగులో ఇది కొత్త సంగతి కాదు. భూమి కాస్త ఎక్కువ కావాలి, అంతే. ఏళ్ల కాలం పోయింది. ఆ ఏళ్ల లోపల రోడ్డు అట్లాగే ఇరుకుగా ఉన్నది.

మర్రిని తరలించడం సంగతి కూడా చెబుతాను. మర్రి, రావి, జువ్వి ఒకే జాతివి. కొమ్మ విరిచి పాతినా వేరు పోసే మొండి చెట్లు. కొమ్మలు నరికి, మొదలు చుట్టూ కందకం తవ్వి, వేరు ముద్దను మట్టితో సహా కట్టి, క్రేనుతో లేపి, ముందే తవ్విన గుంటలో దింపితే చాలావరకు బతుకుతాయి. బతకడం అన్నది నాటిన రోజు తేలదు. రెండు వేసవులు నీళ్లు పోసిన తరువాత తేలుతుంది. నాటిన రోజున ఫొటోలు దిగేవారు చాలామంది ఉంటారు, రెండో వేసవిలో ట్యాంకరు పంపేవారు ఉండాలి. వినతిపత్రంలో ఇది ఒక ముక్కగా రాయాలి.

అయితే చెట్లు ఉంచితే చాలదు. తారుకు దగ్గరగా ఉన్న మర్రి మొదలు అంటే గోడతో సమానం. అదుపు తప్పిన బండి దాన్ని గుద్దుకుంటే మిగిలేది ఉండదు. కాబట్టి చెట్టుకు, రోడ్డుకు నడుమ ఇనుప రక్షణ పట్టీ ఉండాలి. చెట్టు ప్రేమికులు ఈ మాట అడగరు, రోడ్డు ప్రేమికులూ అడగరు. మనం అడగాలి.

ఇప్పుడు నేను చెప్పదలచిన అసలు సంగతి. రోడ్డు వెడల్పు అయినంత మాత్రాన క్షేమం రాదు. ఒక రకం చావు తగ్గి మరొక రకం చావు పెరగవచ్చు. 2022లో దేశం మొత్తం మీద రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది చనిపోయారు. అందులో 61,038 మంది జాతీయ రహదారుల మీదనే. మన రోడ్ల పొడవులో జాతీయ రహదారులు నూటికి రెండు పాళ్లు మాత్రమే. నాలుగు వరుసలవి, ఆరు వరుసలవి అందులో చాలా ఉన్నాయి.

2013 అక్టోబరు 30న బెంగుళూరు నుండి వస్తున్న బస్సు పాలెం దగ్గర కాలిపోయి 45 మంది పోయిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. అది నాలుగు వరుసల రోడ్డే. కారును దాటబోయి పక్కనున్న కల్వర్టు గోడను తాకింది. విజయవాడ రోడ్డు 2012 నాటికి నాలుగు వరుసలు అయింది. ఎదురెదురు గుద్దుకోవడం తగ్గింది. కాని ఊళ్ల దగ్గర డివైడరుకు పెట్టిన సందుల్లో, అడ్డంగా మలుపు తిరిగే చోట్ల ప్రమాదాలు మొదలై, చివరకు ఆ చోట్లను బ్లాక్ స్పాట్లు అని గుర్తించి వంతెనలు, అండర్‌పాసులు మళ్లీ కట్టవలసి వచ్చింది. మొదట కట్టి ఉంటే ఖర్చూ తక్కువ, ప్రాణాలూ దక్కేవి.

ఇంకొక ఊరు చెబుతాను. పాత మహబూబ్‌నగర్ జిల్లాలో పెద్దకుంట అనే చిన్న తండా. బెంగుళూరు రోడ్డు బైపాసు ఆ తండాకు, పంచాయతీ ఊరికి నడుమ నుండి పోయింది. కార్యాలయం అవతల, మనుషులు ఇవతల. దాటడానికి వంతెన లేదు, కింది దారి లేదు. రోడ్డు దాటుతూ మగవాళ్లు ఒకరి తరువాత ఒకరు చనిపోయి, అది విధవల ఊరని పత్రికలకు ఎక్కింది. ఆ రోడ్డు లారీలకు, కార్లకు చాలా మంచి రోడ్డు. నేను కూడా దాని మీద హాయిగా ప్రయాణం చేశాను.

మన వయసుకు ఈ దాటడం లెక్క ఏమిటో చూడండి. నాలుగు వరుసల రోడ్డులో ఒక దిక్కు తారు, పక్కన ఉండే గట్టి బర్ముతో కలిపి సుమారు 9 మీటర్లు. మోకాళ్ల నొప్పులున్న మనం సెకనుకు ఒక మీటరు నడిస్తే గొప్ప. అంటే డివైడరు చేరడానికి తొమ్మిది సెకన్లు. వంద కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు ఆ తొమ్మిది సెకన్లలో 250 మీటర్లు వస్తుంది. మనం అడుగు వేసేటప్పుడు అది పావు కిలోమీటరు దూరంలో చిన్న చుక్క. శుక్లాల కంటికి ఆ చుక్క కనబడదు. కనబడినా దాని వేగం తెలియదు. పాత రోడ్డు మీద బండ్లు మెల్లగా పోయేవి కాబట్టి చెయ్యి చూపి దాటేవాళ్లం. కొత్త రోడ్డు మీద చెయ్యి చూపితే ఆగరు.

కాబట్టి వినతిపత్రంలో "రోడ్డు వెడల్పు చేయాలి" అని ఒక్క వాక్యం రాసి ఊరుకుంటే మనకు పెద్దగా ఒరిగేది లేదు. వెడల్పు వారు ఎట్లాగూ చేస్తారు. ఎక్కడ దాటాలి, బస్సు ఎక్కడ ఆగాలి, ఊరి ట్రాక్టరు ఎటు పోవాలి అన్నదే మనం అడగవలసింది. మొయినాబాదు, చేవెళ్ల ఊళ్లకు బైపాసులు ప్రణాళికలో ఉన్నాయి. మంచిదే. బైపాసుకు అవతల పొలాలున్న రైతు పొలానికి ఎట్లా పోతాడు? పశువులు ఎట్లా పోతాయి? అండర్‌పాసు ఎత్తు గడ్డి ట్రాక్టరుకు సరిపోతుందా? వానాకాలం దానిలో నీళ్లు నిలవకుండా మోరీ ఉన్నదా? ఇవి పట్నంలో బొమ్మ గీసేవారికి తట్టవు, చెబితే చాలాసార్లు వింటారు. పని మొదలు కాకముందు చెబితే కాగితం మీద గీత మారుతుంది. కాంక్రీటు పోసిన తరువాత చెబితే ఫైలు కదులుతుంది, రోడ్డు కదలదు.

బస్సు ఆగే చోటు రోడ్డు మీద కాక పక్కకు లోపలికి ఉండాలి. కూరగాయలు అమ్ముకునే వాళ్లు. చేవెళ్ల చుట్టుపక్కల కూరగాయలు, పూలు పండించే ఊళ్లు కదా, రోడ్డు పక్కన అమ్మకం ఆగదు. వాళ్లను తరిమితే రేపు మళ్లీ వస్తారు. ఆలూరు వద్ద పోయినవారి గుర్తుగా నైనా సర్వీసు రోడ్డు మీద నాలుగు చోట్ల రేకుల షెడ్లతో స్థలం అడుగుదాం. కంకర టిప్పర్ల మీద టార్పాలిన్, బరువు తనిఖీ, ఇవి రోడ్డు వెడల్పుతో సంబంధం లేని పనులు. రేపటి నుండే చేయవచ్చు. వీటికి ట్రిబ్యునల్ అడ్డం లేదు, భూసేకరణ అడ్డం లేదు.

వెడల్పు పూర్తయ్యే దాకా ఈ ఇరుకు రోడ్డు మీదనే పోవాలి కదా. పనులు జరిగే కాలం మరీ ప్రమాదం. తవ్విన గుంటల పక్కన రాత్రి వెలిగే గుర్తులు, మలుపుల వద్ద బోర్డులు పెట్టించడం మన ఊరి పెద్దలు వెంటబడితే జరిగే పని. జాతీయ రహదారుల సహాయ నంబరు 1033. చిన్న పిల్లలకు చెప్పినట్టు చెబుతున్నాను అనుకోకండి, ఫోనులో రాసిపెట్టుకోండి.

స్థలం పోతున్నవారి సంగతికి వస్తాను. 1956 నాటి జాతీయ రహదారుల చట్టం కింద మొదటి ప్రకటన వెలువడిన 21 రోజుల లోపల అభ్యంతరం రాతపూర్వకంగా ఇవ్వాలి. ఇరవై రెండో రోజున ఎంత అరిచినా లాభం లేదు. ప్రకటన పత్రికల్లో చిన్న అక్షరాలతో వస్తుంది. సర్వే నంబరు చూసుకోండి. 2015 జనవరి 1 నుండి పరిహారం 2013 భూసేకరణ చట్టం లెక్క ప్రకారమే ఇవ్వాలి, దానిలో నూటికి నూరు సొలేషియం కూడా కలిసి ఉంటుంది. ఇచ్చిన మొత్తం తక్కువ అనిపిస్తే ఆర్బిట్రేటరుకు దరఖాస్తు చేసుకునే హక్కు ఉన్నది. డబ్బు తీసుకున్నంత మాత్రాన హక్కు పోతుందేమోనని కొందరు చెక్కు తీసుకోకుండా ఊరికే కూర్చుంటున్నారు. అభ్యంతరంతో తీసుకుంటున్నాను అని రాసి తీసుకోవచ్చు. కొలతలు వేసే రోజున ఇంట్లో ఎవరో ఒకరు ఉండండి. బోరుబావి, ప్రహరీ గోడ, కొబ్బరిచెట్టు, అన్నీ జాబితాలో రాయించండి. రాయించనిది లెక్కలోకి రాదు. ఈ విషయంలో మన రెవెన్యూ శాఖ పెన్షనరు మిత్రులు నాకన్న బాగా సహాయం చేయగలరు.

ఒక్క మాట చెప్పి ముగిస్తాను, అధ్యక్షుల వారు గడియారం చూస్తున్నారు. రోడ్డు మీద ప్రమాదం జరిగితే దెబ్బ తగిలినవారికి మొదటి ఏడు రోజులు లక్షన్నర రూపాయల దాకా నగదు చెల్లించకుండా చికిత్స చేసే పథకం 2025 మే నెలలో వచ్చింది. సాయం చేసినవారిని పోలీసులు, ఆసుపత్రులు వేధించకుండా మోటారు వాహనాల చట్టంలో 2019లో 134-ఎ సెక్షను చేర్చారు. పేరు చెప్పమని, సాక్షిగా రమ్మని బలవంతం చేయరాదు. భయపడి బండి ఆపకుండా పోయేవారు ఎక్కువ కాబట్టి ఇంట్లో పిల్లలకు, మనుమలకు ఇది చెప్పండి.

ఇక పని. వాకిలి దగ్గర బల్ల మీద తెల్ల కాగితాలు పెట్టించాను. ఈ 46 కిలోమీటర్ల మీద మీ ఊరు ఉంటే, మీ ఊరి పేరు, దగ్గరి కిలోమీటరు రాయి నంబరు, జనం ఎక్కడ రోడ్డు దాటుతారు, బడి ఎటు, పొలాలు ఎటు, బస్సు ఎక్కడ ఆగుతుంది, చెట్టు ఎక్కడ ఉన్నది, ఇవి మీ చేతిరాతతో రాయండి. బొమ్మ గీయగలిగితే మరీ మంచిది, వంకరగా ఉన్నా పరవాలేదు. కళ్లజోడు మరచినవారికి మా మనుమరాలు రాసిపెడుతుంది. నేను వాటిని ఒక్క పటంగా కూర్చి, వచ్చే కార్యవర్గ సమావేశం నాటికి కార్యదర్శి గారి చేతిలో పెడతాను. వినతిపత్రానికి అదే జత చేద్దాం.